బూడిదలో పోసిన నీళ్ళు

తేమా రేవులో ఆగిపోయింది మా పొటాష్.
కంటైనరు వచ్చింది, సంతకం రాలేదు.
కుమాసీలో కొలిమి చల్లగా కూర్చుంది,
పక్కనే మూడు గోతాల కోకో తొక్కలు
బూజు పట్టడానికి తొందరపడుతూ.

తేపా తోటల్లో గింజ కోసం కాయను కొడతారు,
కత్తి వెనకవైపుతో ఒకే దెబ్బ.
గింజ ఓడెక్కుతుంది.
తొక్క చెట్టు కిందే నల్లబడి
దోమల్ని సాకుతుంది,
వచ్చే ఏటి కాయకి తెగులు దాచిపెడుతుంది.
ఆ తొక్కలో కరెంటు దాచమని
విశ్వవిద్యాలయం నాకు జీతమిస్తోంది,
రెండు నెలలకోసారి.

దాచడమంటే ఎలాగే, అనడిగింది మేనత్త సాఫోవా.
బొగ్గుకి చిల్లులు పొడుస్తామత్తా, అన్నాను.
కంటికానని చిల్లులు, చిల్లులో చిల్లు.
నాలుగు గ్రాముల పొడిలో ఉన్న గోడలన్నీ విప్పి పరిస్తే
మన ఊరి ఫుట్‌బాల్ మైదానం,
గోల్‌పోస్టులతో సహా.

చిల్లి కుండలో నీళ్ళు నిలుస్తాయని చెప్పడానికా
ఇన్నేళ్ళు చదివావు?

నిలుస్తాయి. అదే తమాషా.
కరెంటు కుండ నడుమ ఉండదు,
గోడనంటుకుని ఉంటుంది,
వానకి బడి చూరు కింద ఒదిగిన పిల్లల్లా.
ఎంత గోడుంటే అంతమందికి చోటు.

మరి చిల్లులు పొడిచేదేది?
పొటాష్. రేవులో ఉంది.

అత్త నన్ను చాలాసేపు చూసింది.
చూసి పెరట్లోకి నడిచింది.

ముప్ఫై ఏళ్ళుగా నల్లసబ్బు కాస్తోందామె.
అదే తొక్క ఎండేసి, కాల్చి,
అడుగున తూట్లున్న బానలో బూడిద దట్టించి
పైనుంచి నీళ్ళు పోస్తుంది.
కింద చుక్కచుక్కగా దిగుతుంది టీ రంగు నీరు,
నాలుక మీద పెడితే కొరుకుతుంది.
బూడిదలో పోసింది వృథా అని
ఎవరన్నారో గానీ
వాళ్ళెప్పుడూ సబ్బు కాయలేదు.

రెండు పాలడబ్బాల నిండా ఆ నీళ్ళు
ట్రోట్రో బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
మూత కారి గౌను మీద మచ్చ పడింది, ఇంకా పోలేదు.

మొదటి కాల్పుని డుమ్సోర్ మింగింది.
డుమ్ అంటే ఆర్పు, సోర్ అంటే వెలిగించు,
కరెంటు కోతకి మేం పెట్టుకున్న ముద్దుపేరు.
ఐదొందల డిగ్రీల దగ్గర కొలిమి చచ్చిపోయింది.
కరెంటు దాచే వస్తువు చేద్దామంటే
దాచిన కరెంటు లేదు.
ఎవరూ నవ్వలేదు.
డీజిలుకి చందాలేసుకున్నాం.

రెండో కాల్పు ఎనిమిదొందలు దాటింది.
కడిగాం, కడిగాం,
నీళ్ళు మామూలు నీళ్ళయ్యేదాకా.
జిగురుతో నూరి నూలుగుడ్డకి కాటుకలా పూసి
గుడ్డకీ గుడ్డకీ నడుమ జెల్లీ పెట్టాం.
యంత్రం రెండువేలసార్లు వంచింది.
నూటికి ఎనభై ఎనిమిది పాళ్ళు మిగిలింది.
రేవు పొటాషయితే తొంభై నాలుగు వచ్చేది,
అన్నారు డాక్టర్ ఒఫోసుహేనె, గొంతు తగ్గించి.

పత్రికకి పంపే కాగితంలో
ఆయన "స్థానిక క్షారం" అని రాశారు.
నేను కొట్టేసి సాఫోవా పేరు రాశాను.
ఆయన కొట్టేశారు.
నేను మళ్ళీ రాశాను.
ఈసారి ఆయన కళ్ళజోడు తుడుచుకుని
పేజీ తిప్పేశారు.

ఆదివారం మూడు పట్టీలు వరుసగా కుట్టి
అత్త మణికట్టుకి చుట్టాను,
చివర కందిగింజంత దీపం.
ఆ మణికట్టు ఎన్ని వేలసార్లు వంగిందో
ఏ యంత్రమూ లెక్కపెట్టలేదు.

డుమ్సోర్ వేళకే వచ్చింది.
ఎర్రటి వెలుగులో అత్త సబ్బుముద్ద కోయసాగింది.

పదకొండు నిమిషాలు.

తర్వాత చీకటి. చీకట్లో అదే కత్తి చప్పుడు,
అదే తూకం ముక్కలు,
ఒకటి పక్కన ఒకటి.

దీన్ని ఉతకొచ్చా, అనడిగింది.

ఆ ప్రశ్న మా ల్యాబులో ఎవరికీ తట్టలేదు.
పెన్ను దొరికింది, పుస్తకం దొరకలేదు,
అరచేతిలోనే రాసుకున్నాను.